దక్షిణం గోడ

పొద్దుగూకగానే రత్నవ్వ చేసే మొదటి పని దీపం పెట్టడం కాదు, బియ్యం కడగడమూ కాదు. ఇంటి దక్షిణం గోడకు ఎదురుగా నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేయడం.

"ప్రభువా, గీ గోడ మీద నీ రక్తం చల్లు. గా దిక్కు నుంచి ఏ చూపు, ఏ ఊపిరి, ఏ మాట నా ఇంట్లకు రానియ్యకు. ఆమేన్."

మిగతా మూడు గోడల సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. అంతటి దేవుణ్ణి ఒకే ఒక్క గోడకు కాపలా పెట్టుకుని, ఇంకో పని చెప్పని మనిషి ఆర్మూరు మొత్తం వెతికినా మరొకరు దొరకరు.

ఆ గోడ అవతల ముత్తెమ్మ ఉండేది. ముసలిది, ఒంటరిది, మొగుడు పోయి చాలా కాలమైంది. రత్నవ్వ ప్రార్థన మొదలుపెట్టే వేళకే అవతలి నుంచి రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు మొదలయ్యేది. దభీ దభీమని కాదు, నెమ్మదిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు. ఒంటి మనిషికి రోజూ దంచుకునేంత ఏముంటుంది? మందులు నూరుతోంది, ఇంకేం చేస్తుంది అనుకునేది రత్నవ్వ. ఆ చప్పుడు ఆగేదాకా కళ్లు తెరిచేది కాదు.

రత్నవ్వది బీడీల పని. పెనిమిటి పెద్దులు మస్కట్‌లో ఉంటాడు. రెండు మూడేళ్లకోసారి వస్తాడు, నెల ఉంటాడు, పోతాడు. రాత ఇద్దరికీ రాదు కనుక క్యాసెట్లు పంపుకుంటారు. అక్కడ పనిచేసే పక్కూరు మోర్తాడు వాళ్లెవరైనా సెలవు మీద వస్తే వాళ్ల సంచిలో పెద్దులు గొంతు కూడా వస్తుంది. రత్నవ్వ దాన్ని టేప్‌రికార్డర్‌లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ వింటుంది, అన్నం తింటూ వింటుంది. "గీడ ఎండలు మస్తున్నయ్, పైలం" అని పెద్దులు అంటే, "నువ్వు గూడ పైలం" అని టేపుకు జవాబు చెబుతుంది. టేపు వింటుందా? తన పాటికి తాను చెప్పుకుపోతుంది. ప్రతి క్యాసెట్టు చివరా ఒకటే మాట ఉంటుంది. "గా ముసల్దాని దిక్కు పోకు. దాని చేతిది ఏం ముట్టకు."

వాడకట్టు ఆడవాళ్లు ఒకప్పుడు రత్నవ్వ అరుగు మీదే చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. ఆమె బాప్తిస్మం తీసుకుని నొసట బొట్టు మానేశాక ఒక్కొక్కరే జారుకున్నారు. కొట్లాట ఏమీ లేదు. పెళ్లికైనా పేరంటానికైనా బొట్టు పెట్టి పిలవాలి కదా, బొట్టే వద్దన్నదాన్ని ఎట్లా పిలవడం అని వాళ్ల ఇబ్బంది వాళ్లది. పిలవని ఇంటికి పోలేక ఈమె ఇబ్బంది ఈమెది. అట్లా అట్లా ఆ అరుగు మీద రత్నవ్వా ఆమె చాటా మిగిలాయి.

ముత్తెమ్మ సంగతేమిటంటారా? చెప్తాను.

ఎనభై ఐదులో రత్నవ్వకు ఒక కొడుకు ఉండేవాడు. నర్సింలు. నాలుగేళ్లవాడు. మహా అల్లరి, నోట్లో మాట ఆగేది కాదు. పసుపు సీజన్లో ఒకరోజు వాడి కళ్లు పచ్చబడ్డాయి. ఇల్లంతా పసుపు దుమ్ము, వీధంతా పసుపు దుమ్ము, కళ్లు పచ్చగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? తిన్నది కక్కడం మొదలుపెట్టాక దవాఖానకు ఎత్తుకుపోయారు. కామెర్లు ముదిరాయి, ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్నాడు డాక్టరు. ఇంటికి తెచ్చేసరికే వాడు లేడు.

బిడ్డను మట్టి చేసి వచ్చాక, ఎవరో ఇంటి దక్షిణం గోడ మొదట్లో ఒకటి చూశారు. రెండు పసుపు కొమ్ములు, వాటి మీద అడ్డంగా ఒక పుల్ల, మూడింటినీ కలిపి చుట్టిన దారం. అబ్బ, ఆర్మూరులో పసుపు కొమ్ము దొరకడం కూడా వింతేనా అండీ! సీజన్లో కాలు జారితే కొమ్ముల మీదే పడతాం. కానీ కొడుకును పోగొట్టుకున్న ఇంటి ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? భూతవైద్యుడు అంజన్నను పిలిపించారు. అతను దాన్ని కర్రతో కదిపి చూసి, తల పంకించి, "పచ్చ కొమ్ములు, పచ్చవడ్డ పిల్లగాడు. సూడుండ్రి, ఎర్ర దారం. బాణామతి గాకపోతే ఇంకేంది?" అన్నాడు. వెంటనే దాన్ని నిప్పుల్లో వేయించాడు. ఆ తర్వాత రత్నవ్వ వైపు తిరిగి, "దక్షిణం దిక్కు ఎవలుంటరమ్మా?" అని అడిగాడు.

"ముత్తెమ్మ" అంది రత్నవ్వ.

ఆమె అన్నది ఆ ఒక్క మాటే. అయితే ఏం, ఒక్క మాట చాలదూ! మంత్రం వేసేవాళ్ల పళ్లు పీకేస్తే మంత్రం నోట పలకదని అప్పట్లో ఒక నమ్మకం. మగవాళ్లు పట్కారు తెచ్చారు. ఇంతకంటే చెప్పను. రత్నవ్వ ఇంట్లో, నేల మీద పడి, కొడుకు చొక్కా మొహానికి అదుముకుని ఉంది. అరుపులు గోడ దాటి వచ్చాయి. కొంచెంసేపటికి అరుపులు మాటల్లా లేకుండా పోయాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ రోజు నోరుపోయిన మనిషికి ఊరూ పోయింది. ఠాణా దాకా ఎవరూ పోలేదు. తెల్లారి అందరూ ఏమీ ఎరగనట్టు పనుల్లోకి పోయారు.

అప్పటి నుంచి ముత్తెమ్మ చేతి వస్తువు ఎవరూ ముట్టలేదు. హోటలతను చాయ్ ఎత్తు నుంచి ఆమె గ్లాసులోకి పోసేవాడు. మార్కెట్ యార్డులో వేలాలు అయిపోయి అందరూ వెళ్లాక, రాలిన పసుపు ముక్కలు ఏరుకుని, ఊరి బయట ఎవరికో అమ్ముకుని బతికేది.

రత్నవ్వ మాత్రం బాగుందనుకున్నారా? భయం పట్టుకుంటే అది కూర్చోనిస్తుందా, పండుకోనిస్తుందా! అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. గోడ అవతల ముత్తెమ్మ దగ్గితే ఇవతల రత్నవ్వకు చెమట పట్టేది. చేతికి ఒక తాయెత్తు, మెడలో ఒక తాయెత్తు. పెద్దులు అదే భయానికి సగం, అప్పులకు సగం మస్కట్ పోయాడు. అప్పుడు ఎవరో అన్నారు, యేసు ప్రభువు పేరు చెబితే బాణామతి పనిచేయదని. పెర్కిట్ తోవలో ఒక రేకుల షెడ్డులో ప్రార్థన జరుగుతుంటే పోయి కూర్చుంది. నిజం చెప్పాలంటే రత్నవ్వ దేవుణ్ణి చూసి అక్కడికి పోలేదు, ముత్తెమ్మను చూసి పారిపోయింది. పారిపోయి పారిపోయి దేవుడి ఇంట్లో పడింది.

పడ్డాక మాత్రం ఆ చోటు మీద ప్రాణం పెట్టుకుంది. అక్కడ అందరూ చాపల మీద ఒరుసుకుని కూర్చునేవారు. "వందనాలు రత్నవ్వా" అని రెండు చేతులు పట్టుకునేవారు. వారం మొత్తంలో ఆమెను పేరు పెట్టి పిలిచే చోటు అదొక్కటే. టేపులో పెద్దులు కూడా "ఏమే" అనేవాడు తప్ప పేరు పలికేవాడు కాదు. ఆదివారం ఆ ఒక్క పూట కోసం ఆమె మిగతా వారమంతా బతికేది. తాయెత్తులు తెంపి కాలువలో పారేసింది. వాటి చోట్లో దక్షిణం గోడ ప్రార్థన వచ్చి కూర్చుంది.

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. తొంభై రెండు వచ్చింది, మళ్లీ పసుపు సీజన్. ఒక ఆదివారం పాట మధ్యలో షెడ్డు గుమ్మం దగ్గర నీడ పడింది. ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు బయట విడిచి, ముత్తెమ్మ నిలబడి ఉంది.

పాస్టరు భార్య భాగ్యవ్వ కొత్తగా వచ్చిన మనిషి, ఈ ఊరి పాత కథలు ఎరగదు. గబగబా లేచి, "రా పెద్దమ్మా, లోపటికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టింది? ఖాళీ ఉన్న చోట. ఖాళీ ఎక్కడుంది? రత్నవ్వ పక్కన.

రత్నవ్వ నోట్లో పాట ఆగిపోయింది. ముత్తెమ్మ చీర అంచు తన మోకాలికి తగిలింది. తాకిన చోట నిప్పు పడ్డట్టు లేచి, అందరూ చూస్తుండగా చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది. మరుసటి ఆదివారం పోయి గుమ్మం నుంచి తొంగిచూసింది. ముత్తెమ్మ ఉంది. అటునుంచి అటే వెనక్కి వచ్చేసింది.

ఇక లాభం లేదని పాస్టరు దగ్గరికే పోయింది. పాస్టరు చిన్నయ్యకు ఆదివారం వాక్యం చెప్పడం పని, మిగతా రోజుల్లో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము తిప్పడం పని. ఎండిన కొమ్ములు డ్రమ్ములో పోసి తిప్పితే ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాలిపోతుంది. రత్నవ్వ పోయేసరికి మనిషి తలనుంచి కాలిదాకా పచ్చగా ఉన్నాడు.

"అయ్యగారు, మందిరంల నేనన్న ఉండాలె, అదన్న ఉండాలె" అంది, వందనాలు కూడా చెప్పకుండా.

చిన్నయ్య డ్రమ్ము ఆపాడు. "ఎవరి గురించమ్మా?"

"ముత్తెమ్మ. నా కొడుకును మింగింది."

భాగ్యవ్వకు తెలియకపోయినా చిన్నయ్య ఆ కథ విన్నవాడే. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చూసినవా?"

"కొమ్ములు చూసిన. ఎర్ర దారం చూసిన. ఊరంత చూసింది."

"ఊరి ముచ్చట ఇడిసిపెట్టు. గా దారం ఎర్రగున్నదని నీ కండ్లతోని చూసినవా, అంజన్న చెప్పంగ విన్నవా?"

రత్నవ్వకు ఒళ్లు మండింది. "గిదేం అడుగుడు అయ్యగారు? పోయింది నా కొడుకు. నన్నే వకీలు లెక్క అడుగుతరా?"

"కోపానికి రాకమ్మా." చిన్నయ్య గొంతు తగ్గించాడు. "బాప్తిస్మంల నీ ఒళ్లు మునిగింది. అది ఒక్కపారి అయితది. మనసు గట్ల ఒక్క మునుగుల మారది. దాన్ని దినాం మార్చుకోవాలె, దినాం కొత్తగ చేసుకోవాలె. నువ్వు తాయెత్తులు పారేసినవు, మంచిదే. తాయెత్తు కట్టిచ్చిన భయాన్ని మాత్రం ఇంట్లనే పెట్టుకున్నవు. తాయెత్తు జాగల ప్రభువును కట్టుకున్నవు."

ఆ మాట రత్నవ్వకు చెంప మీద కొట్టినట్టే అయింది. "అంటే నన్ను రావద్దంటున్నరు."

"గోడ దిక్కు ప్రార్థన కొన్నొద్దులు ఆపుమంటున్న. దానికి బదులు ఒక్కటే అడుగు. ప్రభువా, నేను చూసింది నాకు మల్ల చూపెట్టు అని."

"చూసిందే చూసుడేంది" అని గొణుక్కుంటూ ఆమె వచ్చేసింది.

తర్వాతి ఆదివారాలు పోలేదు. పొమ్మన్నవాళ్లు లేరు, రావద్దన్నవాళ్లు లేరు, తనను తానే వెలివేసుకుంది. ఆదివారం ఉదయం పక్కింటి తలుపు గొళ్లెం పడే చప్పుడు, ముత్తెమ్మ అడుగులు వీధి మలుపు దాకా. అవి వినబడకుండా టేపు పెట్టేది. ఒకరోజు ఇంట్లో ఒక్కతే కూర్చుని పాట ఎత్తుకుంది. రెండు చరణాలయ్యాక తన గొంతు తనకే పరాయిగా తోచి ఆపేసింది. పాట ఆపాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసి దుఃఖం వచ్చింది. కొడుకు లేడు, మొగుడు టేపులో ఉన్నాడు, అరుగు ఖాళీ, మందిరం కూడా పోయింది. తన మందిరాన్ని కూడా ముత్తెమ్మే గుంజుకుందని శాపనార్థాలు పెట్టింది. పెడుతూ పెడుతూ మధ్యలో ఆగింది. తిట్లకైనా వినే మనిషి ఉండాలి కదా.

ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడలేదు. పాస్టరు మీద పంతం, అంతే. "చూద్దాం, ఏమైతదో కాని" అనుకుంది. అవతల దంచుడు మొదలైంది. ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది. దంచుడు ఆగింది. ఏమీ కాలేదు. మరునాడూ ఏమీ కాలేదు. ఆ మరునాడు అన్నం ముందు కూర్చుని, పాస్టరు చెప్పిన మాట కోపంగానే అనేసింది. "ప్రభువా, నేను చూసింది నాకు మల్ల చూపెట్టు. చూపెడతవో లేదో నీ ఇష్టం."

దేవుడు ఉరుములు మెరుపులతో ఏమీ చూపెట్టలేదు. రోజులు పోయాయి. ఒక మధ్యాహ్నం బీడీల చాట అంచు ఊడిపోతే, అటక మీద పడేసిన పాత చాట దించింది. దుమ్ము దులిపింది. దాని అంచు ఎప్పుడో ఊడినప్పుడు తానే బీడీల దారంతో కుట్టుకుంది. ఆ కుట్టు అట్లాగే ఉంది.

బీడీల దారం కార్ఖానాకో రంగు ఉంటుంది. ఇప్పుడు రత్నవ్వ చుట్టే బీడీలకు నీలం దారం. ఈ పాత కుట్టు గులాబీ రంగుది. కొడుకు పోయాక ఆ కార్ఖానాకు పని మానేసింది కనుక, ఆ రంగు మళ్లీ ఆమె చేతికి రాలేదు. గులాబీ దారం మట్టి పట్టి, తేమకు నాని, అటు ఎరుపూ కాకుండా ఇటు గులాబీ కాకుండా ఉంది. వేలితో తడిమింది. చెయ్యి అక్కడే ఆగింది.

గోడ మొదట్లో కొమ్ములకు చుట్టి ఉన్నది ఇదే.

ఎర్ర దారం అన్నది అంజన్న. ఎర్ర దారం అన్నది ఊరు. ఎర్ర దారం అని పెద్దులు టేపులో అన్నాడు. వాళ్లందరూ అనగా అనగా రత్నవ్వ కళ్లల్లో కూడా అది ఎర్రబడిపోయింది. వాడకట్టులో ఆ కార్ఖానాకు చుట్టేది తానొక్కతే. ముత్తెమ్మ జన్మలో బీడీ చుట్టలేదు.

ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. రావద్దన్నా వచ్చింది. నర్సింలు ఆమె మోకాలి దగ్గర నిలబడి ఉన్నాడు. "అమ్మా, నా ఎడ్లకు కాడి కట్టాలె. దారమియ్యి." పొద్దుగూకేలోపు బీడీ కట్టలు అప్పజెప్పాలి, పని మిగిలి ఉంది, ఆమె "లేదు, పో" అంది. కొంచెంసేపటికి చూస్తే దారం ఉండ లేదు. "దారం దొంగ!" అని పట్టుకుని వీపు మీద ఒక్కటిచ్చింది. వాడు ఏడవలేదు. చేతిలోది వెనక దాచుకుని బయటికి ఉరికాడు. రెండు కొమ్ములు, అడ్డంగా చీపురు పుల్ల. ఎడ్లు, కాడి. మర్నాటికి వాడి కళ్లు పచ్చబడ్డాయి.

అయ్యో, రత్నవ్వా! బిడ్డ బాగున్న చివరి రోజున తాను వాడిని కొట్టింది. ఆ దెబ్బను గుర్తుంచుకోవడం కంటే ముత్తెమ్మను మంత్రగత్తెగా గుర్తుంచుకోవడం తేలికైంది. ఇన్నేళ్లూ ఆమె కాపలా పెట్టింది ముత్తెమ్మ రాకుండా కాదు, ఆ మధ్యాహ్నం రాకుండా. పాత చాట ఒళ్లో పెట్టుకుని, కొడుకు పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చింది.

ఏడుపు అయ్యేసరికి ఎండ ఊరి పక్కనున్న గుట్ట బండల మీదికి పోయింది. అవతల దంచుడు మొదలైంది. రత్నవ్వ మొహం కడుక్కుని, బయటికి వచ్చి, పది అడుగులు లేని ఆ దూరం నడిచి, ముత్తెమ్మ తలుపు ముందు నిలబడింది. నాలుక మీదికి పాత ప్రార్థన వచ్చింది. దాన్ని మింగి తలుపు తట్టింది.

దంచుడు ఆగింది. "ఎవలు?"

"నేనే పెద్దమ్మా. రత్నను."

చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ముత్తెమ్మ అడ్డంగానే నిలబడింది. "మల్ల ఎవలన్న సచ్చిండ్రా?" అని అడిగింది. పళ్లు లేని నోట మాట మెత్తగా జారిపోతోంది. అందులోని భయం మాత్రం స్పష్టంగానే ఉంది. రత్నవ్వకు అప్పుడు తెలిసింది, గోడకు అటువైపు కూడా ఒక మనిషి ఇన్నేళ్లూ ఇటు చూసి భయపడుతూ బతికిందని.

"లే పెద్దమ్మా. ఎవ్వలు సావలే. జర లోపటికి రానియ్యి."

లోపల ఒక కుక్కి మంచం, పొయ్యి, మూలన ఏరుకొచ్చిన పసుపు ముక్కల కుప్ప. నేల మీద చిన్న రాతి రోలు. రత్నవ్వ కళ్లు ముందు దాని మీదికే పోయాయి. రోట్లో మందూ లేదు, మాకూ లేదు. సగం దంచిన జొన్నరొట్టె ఉంది.

"రొట్టె దంచుతున్నవా?"

"మరేం చెయ్యాలె? నమిలెతందుకు ఏమున్నయ్ నా నోట్ల?" అంది ముత్తెమ్మ. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పింది, అంతే.

రత్నవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అదే గోడ, ఈసారి అవతలి వైపు నుంచి. "నర్సింలు ఎడ్లు..." అంది.

"కొమ్ములతోటి చేసినయా? నేనే చేసిచ్చిన. ఎడ్లు గావాలె అమ్మమ్మా అని పానం తీసిండు. పుల్ల నేనే పెట్టిన. దారం వాడే నీ చాటలకెల్లి ఎత్కొచ్చిండు. అమ్మకు చెప్పకు అన్నడు. నేను చెప్పలే."

"గానాడన్న చెప్పకపోతివి పెద్దమ్మా!"

"చెప్పిన బిడ్డా." ముత్తెమ్మ రోకలి పక్కన పెట్టింది. "నోట్ల పట్కారు పెట్టకముందు చెప్పిన. పెట్టినంక గూడ చెప్పిన. ఎడ్లు, పోరని ఎడ్లు అని ఒర్రిన. మంత్రం చదువుతున్నదన్నరు. నువ్వు ఇంట్లనే ఉంటివి. నీకు వినవడ్డదో లేదో."

"వినవడ్డది" అంది రత్నవ్వ.

బయట ఎవరిదో పసుపు బండి పోతోంది.

"నన్ను మాఫ్ చెయ్యి పెద్దమ్మా."

ముత్తెమ్మ మొహం అటు తిప్పుకుని చెప్పింది. "ఏమో రత్నా. అబద్ధం ఎందుకు చెప్పాలె? ఒకనాడు చేస్త. ఒకనాడు పొద్దున లేసి అద్దం చూసుకుంటే నీ మీద మన్ను పొయ్యాలనిపిస్తది. గా పాస్టరు అంటుండు గద, మనసును దినాం మార్చుకోవాలె అని. నేను గూడ దినాం మార్చుకుంటున్న. మల్ల తెల్లారే వరకు పాతదే అయితది. మల్ల మార్చుకుంట."

"గందుకేనా మందిరానికి వస్తున్నవు?"

"నిజం చెప్పాల్నా? గాడ అందరు ఒక్క రొట్టె తుంచుకుంటరంట. ఒకల చేతికెల్లి ఒకలు తీసుకుంటరంట. నా చేతికెల్లి గూడ ఎవలన్న తీసుకుంటరేమో అని వచ్చిన. నువ్వు లేసిపోతివి."

రత్నవ్వ చెయ్యి చాపింది. ఖాళీ అరచెయ్యి, తునికాకు మరకలతో నల్లబడ్డ చెయ్యి.

ముత్తెమ్మ ఆ చేతిని చూసింది, ఆమె మొహాన్ని చూసింది. "భయమైతలేదా?"

"అయితుంది."

"మరి?"

"పెట్టు పెద్దమ్మా."

ముత్తెమ్మ రోట్లోంచి ఇంత రొట్టె పొడి తీసి, వేళ్లతో ముద్దగా నొక్కి, ఆ అరచేతిలో పెట్టింది. దాని చేతిది ఏం ముట్టకు అని పెద్దులు గొంతు చెవిలో పలికింది. ప్రభువా, నీ రక్తం చల్లు అనబోయి ఆగింది. ఎవరి నుంచి కాపాడమని? అందరూ పోయాక రాలిన పసుపు ఏరుకుని, రొట్టె దంచుకు తినే ఈ ముసలిదాని నుంచా? రత్నవ్వ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆమెకు పళ్లున్నాయి కనుక నమిలింది, నములుతుంటే ఆ సంగతి తెలిసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగేదాకా ముత్తెమ్మ రెప్ప వేయకుండా ఆమె గొంతు వైపే చూస్తోంది.

రత్నవ్వ నోటికి వచ్చింది అనేసింది. "ఉప్పు తక్కువైంది పెద్దమ్మా."

పట్కారు నాడు ఎంత ఏడ్చిందో ఏమో గానీ, ఆ తర్వాత ముత్తెమ్మ ఏడవగా చూసినవాళ్లు లేరు. ఇప్పుడు బోసినోరు తెరుచుకుని, కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. తన చేతి వంటలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పే మనిషి లేక ఏడేళ్లయింది. చప్పగా ఉంటే చప్పగానే, ఉప్పగా ఉంటే ఉప్పగానే, ఎవరితోనూ అనకుండా తిని పండుకుంది.

ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుని, మోకాళ్లు పట్టుకుని లేచింది. పొయ్యి గూట్లో ఉప్పు డబ్బా కోసం తడుముకుంది.

"రేపు జర ఎక్కువేస్త తియ్యి" అంది.